అలలకి వేసిన రంగు

గోదారి మధ్య లంకలో కొత్తగా కట్టిన చర్చి గోడ మీద సంఘం గుర్తు వెయ్యడానికి పెయింటర్ అంజిబాబు వచ్చేడు.

"పడవంటే మన సంఘమండీ. తెరచాప కొయ్యే సిలువ. కింద అలలేమో లోకంలో కష్టాలు," అని పాస్టరు జయానందంగారు విడమరిచి చెప్పేరు.

పడవా సిలువా బాగానే వేసేడు గానీ, అలలకి మాత్రం ఇటుక రంగు కలిపేడు అంజిబాబు. వాడూ లంకలో పుట్టినవాడే. గోదాట్లో ఎర్రనీరు కనపడిందంటే చాలు, వరదొస్తోందని వాళ్లమ్మ బియ్యం అటకెక్కించి పిల్లల్ని ఏటిగట్టు మీదికి తోలేసేది.

"అదేంటండీ, అలలు నీలంగా కదా ఉండాలి?" అన్నారు పాస్టరుగారు.

"మనకి కష్టం ఎర్రగానే వస్తుందండీ."

"భలేవారే! చూసినవాళ్లు జడుసుకుంటారు. నీలం వేసెయ్యండి."

"ఆయ్," అన్నాడు గానీ అంజిబాబుకి ఒళ్లు మండిపోయింది. కొత్త కుంచె తీసి, ఎరుపు మీద నీలం దట్టంగా పులిమేసి, కుంచె కడగడానికి రేవులోకి దిగేడు.

పొద్దున కూర్చుని టిఫిను తిన్న మెట్టు నీళ్లలో ఉంది. కుంచె ముంచగానే చుట్టూ నీలం విచ్చుకుంది. దాన్ని నెట్టుకుంటూ ఎగువ నుంచి ఎరుపు వచ్చింది. ఇందాకటి రంగు దిగుతోంది కాబోలు అనుకున్నాడు.

కానీ ఎర్రరంగు కుంచె ఇంకా గోడ దగ్గరే ఉంది.