దొరసాని తిన్న పువ్వు

పాము పగ పన్నెండేళ్ళంటారు గానీ, జిగురమ్మ పగ ముందు ఏ పామైనా తల దించుకుని పుట్టలోకి పోవాల్సిందే.

ఆవిడ పనిచేసేది ఎండుమొక్కల భవనంలో. గోడల నిండా ఇనుప బీరువాలు, బీరువాల నిండా అట్టలు, అట్టలకి అంటించిన ఎండుమొక్కలు. ఎవరికైనా కొత్త మొక్క దొరికితే దాన్ని నొక్కి ఆరబెట్టి, వేరు నుంచి గింజ దాకా వర్ణించి, పేరు పెట్టి అచ్చువేయించాలి. అచ్చయ్యాక ఆ పేరు బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు. అయితే ఆ పనివాళ్ళలో ఒక మర్యాద ఉంది. ఎవరి పేరు వాళ్ళే పెట్టుకోకూడదు, ఇంకొకరు మనసుపడి పెట్టాలి.

కొత్తగా చేరిన రోజుల్లో జిగురమ్మ ఒక తీగ కనిపెట్టింది. భూతద్దం కింద వంగి వంగి నడుం పట్టేసేదాకా దాన్ని వర్ణించి, అచ్చుకి పంపేలోపు పురిటికి వెళ్ళింది. చంటిబిడ్డతో తిరిగొచ్చేసరికి ఆ వర్ణన, భవనానికి అధికారి అయిన పెద్దసారు రాసినట్టుగా అచ్చయిపోయింది. తీగకి ఆయన భార్య పేరు! జిగురమ్మ ఊసు ఆఖర్న, చీమ తలంత అక్షరాల్లో ఉంది: "మొక్కను అట్టకు చక్కగా అంటించిన ఉద్యోగినికి కృతజ్ఞతలు."

ఆ పూట నుంచి భవనమంతా ఆమెని జిగురమ్మ అనే పిలిచింది. ఆమె నవ్వి ఊరుకుంది. నవ్వి ఊరుకున్న ఆడదాన్ని చూసి జడుసుకోవాలని పెద్దసారుకి ఎవరూ చెప్పలేదు పాపం.

ఆ బిడ్డ పెరిగి పెద్దదైంది. పెద్దసారు జుట్టు పండింది, పదవీ విరమణ దగ్గరపడింది. ఆయన గుండెలో ఒక్కటే ముల్లు. ఇన్నేళ్ళ పెద్దరికంలో ఒక్క గడ్డిపోచకైనా ఆయన పేరు ఎవరూ పెట్టలేదు.

సరిగ్గా అప్పుడే జిగురమ్మకి పువ్వు దొరికింది. ఊరవతల బండరాతి మీద, వాన నీళ్ళు నిలిచే గుంటల్లో గుప్పెడు మొక్కలు. వానతో మొలిచి, గింజ రాల్చి, ఎండ ముదరగానే మాడిపోయే రకం. ఆవగింజంత నీలం పువ్వు, గొంతులో పసుపు చుక్క. ఏ పుస్తకంలోనూ లేదు.

మర్నాడు నొక్కుడు పలకలు చంకనపెట్టుకుని వెళ్ళేసరికి బండ మీద ఒక మేక నిలబడి ఉంది. నోట్లో నీలం పువ్వులు, గింజకట్టిన కొమ్మలు. మిగతావన్నీ అప్పటికే కడుపులో.

"ఒసేయ్! ఉమ్మవే, ఉమ్మూ!" అంటూ జిగురమ్మ దాని దవడలు పట్టుకుంది. మేక అటు, ఆమె ఇటు, మధ్యలో శాస్త్రం. చివరికి సగం కొరికిన కొమ్మ ఒకటి ఆమె చేతికొచ్చింది.

"దాని పేరు దొరసానమ్మా," అంది మేకలు కాసే పెద్దమ్మ తాపీగా. "దానికి నచ్చింది తింటుంది. మనల్ని అడగదు."

"అడక్కుండా తినేవాళ్ళు నాకు కొత్త కాదులే పెద్దమ్మా."

సగం కొమ్మతో పని జరగదు. మళ్ళీ వానల దాకా ఆగాలి. ఆగటం జిగురమ్మకి వెన్నతో పెట్టిన విద్య. వానలు పడగానే వెళ్ళి చూస్తే బండ మీద ఒక్క మొలకా లేదు. ఏడుపు దిగమింగుకుని తిరిగొస్తుంటే పెద్దమ్మ మేకల దొడ్డి పక్కన ఆగిపోయింది. దొరసాని నడిచిన దారంతా, దాని పెంటికలు రాలిన చోటల్లా నీలం పూలు! బండ మీద గుప్పెడున్నవి ఇక్కడ గంపెడయ్యాయి.

ఈ వార్త పెద్దసారు చెవిన పడింది. ఆయన నేరుగా ఆమె బల్ల దగ్గరికే వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఏమ్మా, పేరేమనుకుంటున్నావు?"

"అచ్చయ్యేదాకా పేరు బయటపెట్టకూడదు గద సార్. ఎవరైనా కాజేస్తారు."

ఆయన దగ్గాడు. "నిజమే, నిజమే. అయినా... మనవాళ్ళ పేరేనా?"

"మీకు ముందే చెబితే మజా ఏముంటుంది సార్?" అని ఆమె సిగ్గుపడ్డట్టు తల దించుకుంది.

అంతే, ఆయన కాళ్ళు నేలమీద ఆనలేదు. తన గదిలోని మంచి సూక్ష్మదర్శిని ఆమె బల్ల మీదికొచ్చింది. అడక్కుండా సెలవులొచ్చాయి. బొమ్మ గీసేవాడికి రంగులొచ్చాయి. ఆ బొమ్మని ఆయనే మంచమంత పెద్దది చేయించి, పటం కట్టించి, పేరు కోసం కింద ఇత్తడి రేకు ఖాళీగా బిగించాడట!

ఇంట్లో వదిన నోరు నొక్కుకుంది. "పాపం ముసలాయన ఆశపడుతున్నాడే! వద్దని చెప్పెయ్యరాదూ?"

"నేను పెడతానన్నానా వదినా?"

"లేదనీ అనలేదుగా!"

"ఆయన కూడా నాకు ముందు చెప్పలేదు," అంది జిగురమ్మ, కూరలో ఉప్పేస్తూ. 

పెద్దసారు వీడ్కోలు సభ నాటికి ఆ పువ్వు వర్ణనతో పత్రిక అచ్చయి వచ్చింది. ముందు వరసలో సారు భార్య, బావమరుదులు, వియ్యాలవారు. వేదిక మీద గుడ్డ కప్పిన పటం. పెద్దసారు కొత్త కోటు సవరించుకుని, "పేరు పెట్టిన ముక్క నువ్వే చదవమ్మా, అందరూ వింటారు," అన్నాడు.

జిగురమ్మ కళ్ళజోడు తుడుచుకుని నింపాదిగా చదివింది.

"ఈ మొక్కకు దొరసాని అనే మేక పేరు పెడుతున్నాను. నేను కనిపెట్టిన మొక్కను అది నన్ను అడగకుండానే తిన్నది. కానీ తిన్నదాన్ని తనదని చెప్పుకోలేదు. గింజలను ఎరువుతో సహా తిరిగి ఇచ్చింది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. పాత తీగ సంగతి ఆ హాల్లో తెలియనివాళ్ళు లేరు, ఇన్నేళ్ళూ నోరెత్తినవాళ్ళూ లేరు.

"మే... మేక పేరా?" అన్నాడు పెద్దసారు. కోటులో మనిషి సగమైపోయాడు.

"మిమ్మల్నెలా మర్చిపోతాను సార్? ఆఖర్న చూడండి. అక్షరాలు కాస్త చిన్నవి."

భార్య పత్రిక లాక్కుని, కళ్ళకి ఆనించుకుని పైకే చదివేసింది: "అట్టలు, జిగురు సమకూర్చిన అధికారికి కృతజ్ఞతలు."

పటం మీద గుడ్డ ఎవరూ తియ్యలేదు. ఆయన మెట్లు దిగుతుంటే, తలుపు దగ్గరి బంట్రోతు దారి ఇస్తూ, "జాగ్రత్త, జిగురుసారూ!" అన్నాడు. నోరు జారిందని నాలిక్కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఆ పేరు అంటుకుపోయింది.

"కడుపు చల్లబడిందా?" అనడిగింది ఆ రాత్రి ఇంట్లో వదిన.

"పడింది. అడుగున ఇంకాస్త నిప్పుంది వదినా. ఉండనీ, చలికి పనికొస్తుంది."

ఆ మర్నాడు జిగురమ్మ పత్రిక పట్టుకెళ్ళి మేకకి చూపించింది. దొరసాని వాసన చూసి ఆ పేజీ మొత్తం కరకరా నమిలేసింది. ఆఖరి చిన్నక్షరాల ముక్క మాత్రం ఉమ్మేసింది. నమ్మితే నమ్మండి, లేకపోతే మేకనడగండి.