జమ్ముపిట్ట పాటలోని ఊళ్ళు

“చెవుల్లో ఆ గొట్టాలు పెట్టుకుని వంట చేస్తే కూరలో ఉప్పెక్కువ కాక ఏమవుతుంది?” అంది మా అత్తగారు, కంచం పక్కకి జరుపుతూ.

మా ఆయన నవ్వాడు. “మీ కోడలు పిట్టల భాష నేర్చుకుంటోందమ్మా. మనుషుల రుచులు ఇక దేనికి?”

ఉప్పు నిజంగానే ఎక్కువైంది. గరిటె తిప్పుతున్నంతసేపూ నా హెడ్‌ఫోన్లలో ఒక పిట్ట పాడుతూనే ఉంది. అది ఆపేదాకా నేను వంటింట్లో లేను.

ఊరి చివర బురదనేలల పక్కనున్న పరిశోధన కేంద్రంలో నాది సగంపూట ఉద్యోగం. అక్కడి జమ్ముగడ్డిలో కట్టిన మైకులు పట్టుకొచ్చిన శబ్దాలు వినాలి. గాలిని, కప్పల్ని, దూరంగా పోయే లారీల్ని వేరుచేసి, పిట్ట గొంతు వినిపించిన చోటల్లా గుర్తు పెట్టాలి. జీతం సగంపూటకే గానీ, మిగతా సగం పని నాతోబాటే వంటింట్లోకి వచ్చేది. ఇంటర్వ్యూలో అనుభవమేమిటని అడిగితే సిగ్గుపడుతూ, “ఇల్లు నడుపుతున్నానండీ” అన్నాను. అక్కడ అందరూ పిట్టల మేడమ్ అని పిలిచే పెద్దావిడ ఒక రికార్డింగు వినిపించి, ఏమేం వినబడ్డాయో చెప్పమంది. అన్నీ చెప్పాను. ఎందుకు చెప్పలేను? తలుపు మూసుకున్న తీరునిబట్టి అత్తగారి మోకాళ్ళ నొప్పి ఇవాళ ఎంతో చెప్పగలను. బూట్లు విప్పిన చప్పుడునిబట్టి ఆయన ఆఫీసులో ఏం జరిగిందో చెప్పగలను. గది లోపలి నిశ్శబ్దం వింటే చాలు, మా అమ్మాయి చదువుతోందో ఏడుస్తోందో తెలిసిపోతుంది. పెళ్ళయినప్పటినుంచీ నేను చేస్తున్న పని అదే. దానికెవరైనా జీతమిస్తారని మాత్రం ఆ రోజే తెలిసింది.

అలాగని ఆఫీసులో నన్నెవరో నెత్తిన పెట్టుకున్నారని కాదు. బయటినుంచి పెద్దలొచ్చిన రోజున, నేను నెలల తరబడి విని ఏరిన పాటల్ని ప్రాజెక్టు మేనేజరు తెరమీద వినిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో నావైపు చూస్తే, “ఆవిడ మా రికార్డింగులు వింటుంటారు” అని నవ్వి, “మేడమ్, కాస్త అందరికీ టీలు చెప్తారా?” అన్నాడు. చెప్పాను. ఒకటి చక్కెర లేకుండా అని కూడా గుర్తుపెట్టుకుని మరీ చెప్పాను.

ఆ పిట్ట చూడ్డానికి ఏమీ ఉండదు. దుమ్ములో పొర్లినట్టుండే గోధుమరంగు. మూడు చెంచాల పంచదారంత బరువు. చలికాలమంతా మా జమ్ములో గడిపి, ఎండలు ముదరకముందే ఉత్తరానికి వెళ్ళిపోతుంది. వెళ్ళేముందు తిని తిని బరువు పెంచుకుంటుంది. చీకటి పడ్డాక లేచి నక్షత్రాల్ని చూసుకుంటూ కొండలూ ఎడారులూ దాటుతుంది. మొదటిసారి బయల్దేరే పిల్లకి తల్లీ తోడు రాదు, తండ్రీ తోడు రాడు. దారి దాని ఒంట్లోనే ఉంటుంది. ఇక పాటంటారా, అందులో సొంతమన్నది చాలా తక్కువ. దారిలో విన్న పిట్టలన్నిటి గొంతులూ ఏరుకుని కలిపి పాడుకుంటుంది.

“వినండి, ఇది మన నీటికోడి” అని ఒక మధ్యాహ్నం మేడమ్ వేలెత్తి చూపించింది, ఎదురుగా అదేదో నిలబడ్డట్టు. “ఇదిగో, ఇది అక్కడి కొండపిట్ట. మనమెప్పుడూ చూడం. అది తిరిగిన ఊళ్ళన్నీ ఆ గొంతులో ఉన్నాయి. పాడేది మగదే అనుకోండి. ఆడది విని, నచ్చినవాణ్ణి ఎంచుకుంటుంది.”

“మరి ఆడది తిరగదాండీ?”

“ఎందుకు తిరగదు? అంతే దూరం తిరుగుతుంది. పాడదు, అంతే.”

ఆ మాట నన్ను వదల్లేదు. ఆరేసిన బట్టలు మడతపెడుతుంటే అనిపించింది, నేను పాడితే అందులో ఏముంటుందని. కుక్కరు కూత. కాలింగ్ బెల్లు. “నా సాక్సులెక్కడోయ్?” పుట్టింటి పెరట్లో గిలకబావి కిర్రుమనడం. అంతకు మించి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. చొక్కాల చేతులు ఒక్కొక్కటీ వెనక్కి మడుస్తూ ఏవో పేరు తెలియని కొండలమీదుగా చాలాసేపు పోయాను.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక తెల్లవారుజామున మేడమ్ నన్ను పిట్టల్ని పట్టి చూసి వదిలేసే వలల దగ్గరికి తీసుకెళ్ళింది. మంచులో జమ్మంతా పాలలో ముంచినట్టుంది. సన్నటి వలలోంచి ఒక పిట్టని విడిపించి నా గుప్పిట్లో పెట్టింది. బరువు తెలియలేదు, వెచ్చదనం తెలిసింది. గుండె వేరే కొట్టుకుంటున్నట్టు కాదు, పిట్టంతా గుండే. మేడమ్ మెల్లగా ఊదితే పొట్టమీది ఈకలు పాయలై, పల్చటి చర్మం కింద పచ్చగా కొవ్వు కనిపించింది.

“ఆడది. ఇవాళో రేపో వెళ్ళిపోతుంది” అంది.

గుప్పిట విప్పాను. అది వెంటనే ఎగరలేదు. అరచేతిలో కూర్చుని ఎటో చూసింది. తర్వాత చేయి ఖాళీ అయింది.

తిరిగొస్తుంటే మేడమ్ అంది: “ఉత్తరాన మన కేంద్రంలో వేసవంతా వినడానికి మనిషి కావాలి. మీరు వెళ్తారా?”

“ఇంట్లో అడిగి చెప్తానండీ.” ఊపిరంత తేలిగ్గా వచ్చేసిందా మాట. అంత తేలిగ్గా వచ్చినందుకు దారంతా మనసు చివుక్కుమంటూనే ఉంది.

ఆ సాయంత్రం చెప్పాను. ఆయన పేపరు దించాడు.

“వేసవంతానా? పిట్టల కోసమా? అమ్మ మోకాళ్ళో? అమ్మాయి చదువో? నువ్వు లేకపోతే ఈ ఇల్లెలా నడుస్తుందో ఎప్పుడైనా ఆలోచించావా?”

“రోజూ అదే ఆలోచిస్తున్నానండీ. ఈ వేసవికి మీరు ఆలోచించండి.”

గట్టిగా కూడా అనలేదు. అయినా మా అమ్మాయి పుస్తకం చాటున నవ్వాపుకోవడం వినిపించింది.

“ఏదీ, ఆ గొట్టాలు ఇలా ఇవ్వు” అంది అత్తగారు. జుట్టుముడి చెరగకుండా జాగ్రత్తగా ఆవిడ చెవులకి తగిలించాను. కళ్ళు మూసుకుంది. ఆవిడ చేతులు ఒళ్ళో అలా కదలకుండా ఉండటం అదివరకు నేనెప్పుడూ చూడలేదు. చాలాసేపటికి, “ఇన్ని గొంతులూ ఒక్క పిట్టవేనా?” అనడిగింది.

“ఒక్కదానివే అత్తయ్యా. తిరిగిన చోటల్లా నేర్చుకుంటుంది.”

“నేనీ ఊరు దాటలేదే అమ్మాయ్” అంది, వాతావరణం గురించి చెప్తున్నట్టు. తర్వాత కొడుకు వైపు తిరిగింది. “నీకు అన్నం వండుకోవడం రాకపోతే అది దాని తప్పు కాదురా. నేర్పనిది నేను. వెళ్ళనీ. నా మోకాళ్ళంటావా, అవెక్కడికీ పోవు.”

ఆయన ఒప్పుకున్నాడని చెప్పను. స్టేషనుకి వచ్చాడు, సూట్‌కేసు మోశాడు, రైలు కదిలేదాకా గ్యాసు బుకింగు గురించే అడిగాడు.

ఇక్కడ, ఉత్తరాన, గడ్డి నా ఎత్తుంది. మొదటి ఉదయం దుప్పటి కప్పుకుని గుడిసె మెట్టుమీద కూర్చున్నాను. వెలుతురు మెల్లమెల్లగా నీళ్ళమీదికి దిగింది. ఎక్కడో ఒక పిట్ట గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. వింటూ ఉండిపోయాను. ఎండ నా పాదాల మీదికి వచ్చాక గానీ తెలియలేదు, అంతసేపూ నేను ఎవరైనా పిలుస్తారేమోనని ఒక చెవి అటు పడేసి లేనని.