వేలు పెట్టి చూపించండి

కూడిక రాని పెద్దమనుషులు లెక్కల్లో పిల్లల్ని ఫెయిల్ చేసిన సంవత్సరం అది. నరసాపురం దగ్గర పడవ మీద బతికే ఇంటి పిల్ల వీరదుర్గకు పదో తరగతి లెక్కల్లో పాతిక మార్కులు వేశారు. క్లాసులో తోటివాళ్లకు లెక్కలు చెప్పిన పిల్ల ఆమె. తల్లి పెద్దింట్లమ్మ మాత్రం ఆ కాగితాన్నే నమ్మింది. అచ్చులో పడింది, ప్రభుత్వం ముద్ర ఉంది, అబద్ధమెందుకు అవుతుందనుకుంది. పిల్ల వీపు మీద రెండు దెబ్బలు వేసి, రేపటి నుంచి లేసు పనికి కూర్చోమంది. దెబ్బల కంటే తల్లి ఆ కాగితాన్ని నమ్మడమే వీరదుర్గకు ఎక్కువ నొప్పి పెట్టింది.

వీరదుర్గ పట్టుబట్టి ఫీజు కట్టి అడిగితే కొన్నాళ్లకు జవాబు పత్రం నకలు వచ్చింది. లోపలి పేజీల్లో ఎర్రసిరాతో వేసిన మార్కులు కలిపితే తొంభై మూడు. చిన్న ప్రశ్నల మార్కులు మాత్రమే పై పేజీకి ఎక్కాయి. పెద్ద ప్రశ్నలకొచ్చిన అరవై ఎనిమిదీ లోపలే పడి ఉన్నాయి. కూడినవాడొకడు, సరిచూసినవాడొకడు, పైన సంతకం గీకినవాడు మరొకడు. ముగ్గురూ కలిసి ఒక్క కూడిక చెయ్యలేకపోయారు. జీతం రాళ్లు లెక్కపెట్టుకోవడంలో మాత్రం ముగ్గురూ మహా పండితులే.

కాలేజీలో చదువుకుంటూ విద్యార్థి సంఘంలో పనిచేసే శ్యాంబాబు ఊరూరా తిరిగి ఇలాంటి పత్రాలు నలభై ఒకటి పోగుచేశాడు. అప్పటికే ఆ తల్లిదండ్రులంతా ఎవరి అర్జీ వాళ్లు పట్టుకుని, జిల్లా కేంద్రంలో పరీక్షల అధికారి జీవరాజు దగ్గరికి వెళ్లొచ్చారు. విడివిడిగా వెళ్లినవాళ్లను ఆయన విడివిడిగానే తిప్పి పంపాడు. పరిశీలిస్తాం అన్నాడు. ఆ మాట అనడానికే ఆయన్ని అక్కడ కూర్చోబెట్టారు. ముప్పై ఎకరాల ఆసామి బుల్లిరాజు గారబ్బాయి మార్కులు మాత్రం ఒక్క ఫోనుతో సరైపోయాయి.

ఈ సంగతి తెలిసిన సాయంత్రం పెద్దింట్లమ్మ అరుగు మీద ఆడవాళ్లంతా చేరారు. వాళ్లది అతుకుపని. తలా కొన్ని అల్లిన లేసు పువ్వుల్ని కలిపి ఒక గుడ్డగా చేస్తారు. మళ్లీ అర్జీ పెడదామని కొందరు, పెద్దోళ్లతో మనకెందుకని కొందరు వాదులాడుకున్నారు. కూతుర్ని కొట్టిన చెయ్యి పెద్దింట్లమ్మకు ఇంకా బరువుగానే ఉంది.

"ఒకప్పుడు లేసు కొనే ఏజెంటు తప్పుందని గుడ్డ మొకాన ఇసిరికొట్టేవోడు," అంది చివరికి. "మనం నెల్లాళ్లు సూది ముట్టుకోలేదు. అప్పట్నించి సాప మీద పరిసి, తప్పెక్కడుందో వేలెట్టి సూపించాకే తిప్పికొడతన్నాడు. లేసు ముక్కకున్న మర్యాద మన పిల్లల సదువుకి లేదా?"

శ్యాంబాబు రాత్రికి రాత్రే కబురందిస్తే, మర్నాడు పొద్దుటి రైల్లో నలభై ఒక్క ఇళ్లవాళ్లూ కదిలారు, చాపలతో సహా. జీవరాజు ఆఫీసు వరండాలో చాపలు పరిచి పత్రాలు వరసగా పెట్టారు. పిల్లలు మార్కులు పైకి చదివారు. అక్షరం రాని ఆడవాళ్లు కుట్లు లెక్కపెట్టే అలవాటు కొద్దీ మనసులోనే కూడి మొత్తం చెప్పారు. శ్యాంబాబు దాన్ని పై పేజీలో అంకె పక్కన రాశాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. మధ్యాహ్నానికి వీధి నిండిపోయింది.

జీవరాజు బయటికొచ్చి, మూల్యాంకనం రహస్యమైన వ్యవహారమనీ, ఇలా బజారున పడెయ్యడం నేరమనీ ఉపన్యాసం దంచాడు. తప్పు చేసిన చోట లేని సిగ్గు, తప్పు బయటపడిన చోట ఆయనకు ముంచుకొచ్చింది. "మా తప్పు మీరు సూపించండి, మీ తప్పు మేం సూపిత్తాం. రండి, కూకోండి," అని పెద్దింట్లమ్మ చాప మీద చోటిచ్చింది. ఆయన ప్యాంటు ఇస్త్రీ చూసుకుని లోపలికి పోయాడు.

మూడున్నరకు తల్లీకూతుళ్లిద్దర్నే లోపలికి పిలిచారు. బల్ల మీద కొత్త మార్కుల కాగితం ఉంది. తొంభై మూడు. దాని పక్కనే ఇంకో కాగితం: ఫిర్యాదు ఏమీ లేదు, మిగిలినవారి ఆరోపణలతో మాకు సంబంధం లేదు.

"సంతకం పెట్టేసి తీసుకోమ్మా," అన్నాడు జీవరాజు తేనె పూసిన గొంతుతో. "ట్రిపుల్ ఐటీ దరఖాస్తుకి ఇవాళ అయిదింటిదాకా టైముంది కదా. మిగతావాళ్లవి తర్వాత చూద్దాం."

ఆ సీటు కోసమే వీరదుర్గ రెండేళ్లు చదివింది. ఇంకో ఏడాది ఆగే స్తోమత ఇంట్లో లేదు. చెయ్యి దానంతటదే పెన్ను మీదికి పోయింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఈ మనిషి సంతోషిస్తాడని ఆపుకుంది.

"తీసుకోవే," అంది తల్లి నెమ్మదిగా. "నీ కట్టం నీది."

"అమ్మా, ఒక్క పువ్వు బాగుందని ఏజెంటు గుడ్డంతా తీసుకుంటాడా?"

పెద్దింట్లమ్మ ఆ కాగితాలు రెండూ జీవరాజు వైపు తోసి, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. లోపల ఏం జరిగిందో వీరదుర్గ అందరికీ చెప్పి, తన చాప మీద కూర్చుని తర్వాతి పత్రం తెరిచింది. అయిదు గంటలైంది. గోడ గడియారం వైపు ఆమె ఒక్కసారే చూసింది.

అయిదున్నరకు పోలీసులొచ్చారు. కూడికలు తెలిసినవాళ్లను పట్టుకోవడానికి ఎంత చురుకో! శ్యాంబాబునీ, పెద్దింట్లమ్మనీ, ఇంకో ఆరుగురు ఆడవాళ్లనీ వ్యానెక్కించారు. ముప్పై ఏడో పత్రం సగంలో ఆగిపోయింది. జనం మీదికి లాఠీలు లేచాయి. అందరూ రెండడుగులు వెనక్కి జరిగారు. వీరదుర్గ ఆ పత్రాన్ని చేతిలోకి తీసుకుని చాప మీద నిలబడింది.

"ఎక్కడాపామే?" వ్యాను కిటికీలోంచి పెద్దింట్లమ్మ గట్టిగా అడిగింది.

"యాభై రెండు దగ్గరమ్మా. తర్వాతది ఏడు."

"యాభైతొమ్మిది," అంది వ్యాను. వెనక్కి జరిగిన జనం మళ్లీ ముందుకొచ్చి అదే మాట అన్నారు. వ్యాను కదిలింది. వీరదుర్గ తర్వాతి మార్కు చదివింది.

తెల్లారి జీవరాజు వచ్చేసరికి ఆఫీసు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా చాపలే. అరెస్టుల కబురు విని గోదావరికి ఈ ఒడ్డు నుంచీ ఆ ఒడ్డు నుంచీ నాలుగొందల ఇళ్లవాళ్లు పత్రాలు పట్టుకొచ్చారు. ఆయన కుర్చీ దగ్గరికి వెళ్లాలంటే వాటి మధ్య నుంచే నడవాలి. వీరదుర్గ జరిగి చాప మీద చోటిచ్చింది.

"కూర్చోండి సార్," అంది. "కూడిక నేర్పుతాం."