అయిదో పేరా

అయినా పేజీలో ఆరంగుళాల చోటు దొరికితే చాలు, ఆరంగుళాల్లో అయిదో పేరా కూడా పట్టేస్తుంది, నిన్న పెద్ద వార్తలేవీ లేవు కదా, రేడియోలో ఏమీ చెప్పలేదు, మంత్రులెవరూ జిల్లాకి రాలేదు, గాలివానా లేదు, అనుకుంటూ జ్ఞానప్రకాశం మాస్టారు అంబాజీపేట సెంటర్లో టీ కొట్టు ముందు నిలబడి కొత్తపేట వైపు రోడ్డు చూస్తున్నాడు, ఆరుంబావు బస్సు ఇంకా రాలేదు, దాని టాపు మీదే పేపర్ల కట్ట వస్తుంది, ఆ కట్టలో, మూడో పేజీలో, తను రాసిన వార్త ఉంటుంది, వార్తలో అయిదు పేరాలు ఉంటాయి, ఉంటాయా, నాలుగే ఉంటాయా, అరచేతులు చెమట పట్టాయి, పంచెకి తుడుచుకున్నాడు, మళ్లీ పట్టాయి, పక్క సందులో లారీకి కొబ్బరికాయలు ఎత్తుతున్నారు, కాయ మీద కాయ పడుతున్న చప్పుడు.

ఏంటండీ మాస్టారూ, మీ వార్త చూసుకోడానికి మీరే బస్సుకి ఎదురొచ్చేసేరు, పెళ్లికూతురి కోసం కూడా ఇలా కాసుండరు, అని పేపర్ల ఏజెంటు అబ్బులు సైకిలు స్టాండు వేస్తూ నవ్వాడు, ఊరికేనయ్యా, తెల్లారగట్లే మెలకువొచ్చేసింది, అన్నాడు మాస్టారు, మిషన్ హైస్కూల్లో తెలుగు చెబుతూ ఏడేళ్లుగా ఈ పేపరుకి వార్తలు పంపుతున్నాడు, మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతిలో కవరు పెడితే సాయంత్రానికి రాజమండ్రి ఆఫీసుకి చేరుతుంది, తెల్లారేసరికి అచ్చై తిరిగొస్తుంది, ఏడేళ్లలో ఎప్పుడూ ఇలా భయపడలేదు, తెలియనిదైతే భయం, తనకి తెలియందేముంది, సబ్ ఎడిటర్ సత్యనారాయణమూర్తి గారు మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పారు, మాస్టారూ, వార్తకి తలే ఉంటుందండి, తోక ఉన్నా లేనట్టే లెక్క, ఎవరు, ఎక్కడ, ఏమైంది, అంతా మొదటి రెండు పేరాల్లో పడేయండి, మరీ ముఖ్యమైంది పైన, పోతే పోయేది కింద, ఎందుకంటే పేజీ కట్టే వేళకి ఏదో ప్రకటన వచ్చి పడుతుంది, అప్పుడు నాకు చదివే తీరికుండదు, కింద నుంచి కోసేస్తాను, అదే మీరు ఆదివారం రాసే కాలమ్ అనుకోండి, దాని చివర మాత్రం ముట్టుకోను, కాలమ్ మొత్తం ఆ చివరి నాలుగు మాటల కోసమే కదండీ, అది కోస్తే మీరూరుకున్నా చదివేవాళ్లు ఊరుకోరు, అని.

నిజమే, కాలమ్ అంటే తనకి ప్రాణం, ఎక్కడో వంటింట్లో చింతపండు పిసుకుతున్న చేతి దగ్గర మొదలుపెట్టి, పంటకాలవ గట్టు మీదుగా నడిపించి, చెప్పదలచింది చివరిదాకా గుప్పిట్లో దాచి, అప్పుడు గుప్పిట తెరవడం, రాజోలు నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు, మీ వ్యాసం చివరికొచ్చేసరికి ఒళ్లు జలదరించిందండీ అని, ఆ ఉత్తరాన్ని బైబిల్లో పెట్టుకుంటే భార్య హన్నా చూసి, మత్తయి సువార్త తర్వాత ఇదేం సువార్తండీ అంది, అందరూ నవ్వారు, హన్నాకి అన్నీ వేళాకోళమే, కానీ నిన్న మంగళవారం పొద్దున్న వేళాకోళమాడలేదు, కవరు అంటిస్తుంటే కాగితాలు లాక్కుని చదివి, సూరయ్య దొంగ కాడన్న ముక్క ఆఖర్న పడేసేరేంటండీ, అది ముందే రాసేయొచ్చుగా, అంది, నీకు తెలీదు, ముగింపులో ఉంటేనే దానికి బలం, అన్నాడు తను, ఆయ్, మీ ఇష్టం, అంది హన్నా, కాగితాలు తిరిగి ఇచ్చేటప్పుడు మొహంలోకి ఒక్కసారి చూసింది, ఎందుకలా చూసింది.

ఆ ముక్క ఇదీ అని ఇప్పుడు కూడా అప్పగించగలడు, కామా కూడా తప్పిపోకుండా, ఆదివారం రాత్రి షావుకారు వెంకటరత్నం గారి కొబ్బరి గోదాములో ఎండు కురిడీ కాయల బస్తాలు పోయాయి, సోమవారం పొద్దున్న కాపలావాడు సూరయ్యని పోలీసులు పట్టుకెళ్లారు, సాయంత్రానికి వదిలేశారు, మొదటి నాలుగు పేరాల్లో ఉన్నది బస్తాలు పోవడం, సూరయ్యని పట్టుకోవడం, షావుకారు ఫిర్యాదు, ఊళ్లో కలవరం, అయిదో పేరాలో ఉన్నది, ఆ రాత్రి సూరయ్య అసలు కాపలాలోనే లేడని, షావుకారుకి చెప్పే, జ్వరంతో ఉన్న భార్య సూరమ్మని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాడని, ఆసుపత్రి చీటీ చూసి ఇన్‌స్పెక్టరు అతన్ని వదిలేశారని, గోదాము తాళం పగల్లేదని, తాళంచెవి షావుకారు బావమరిది దగ్గరుందని, అంతే, నాలుగు వాక్యాలు, ఆ నాలుగు వాక్యాలూ ఉంటే సూరయ్య మనిషి, లేకపోతే దొంగ, అంబాజీపేటలో ఇంకే గోదాము వాళ్లూ గుమ్మం ఎక్కనివ్వరు, సోమవారం సాయంత్రం స్టేషన్ మెట్ల మీద సూరయ్య చేతులు పట్టుకుని చెప్పాడు, మాస్టారండీ, మా అయ్యని గెల దొంగ అన్నారండి, ఆ రోజే ముక్తేశ్వరం రేవులో గోదాట్లోకి దిగిపోయేడండి, మరి రాలేదండి, నా పేరు కాయితంలో అలా ఎక్కితే నేనూ దిగిపోతానండి, బెదిరింపు కాదు, బస్సు వేళ చెప్పినట్టు చెప్పాడు, ఆ చేతులు చల్లగా ఉన్నాయి.

అదే సాయంత్రం, చీకటి పడకుండానే, షావుకారు గారు రమ్మన్నారంటే వెళ్లాడు, ఎందుకు వెళ్లాడు, వెళ్లకుండా ఎలా ఉంటాడు, అరుగు మీద కుర్చీ వేయించారు, బొండాం కొట్టించారు, వార్త రాస్తారా మాస్టారూ, రాయండి, రాయొద్దనడానికి మేమెవరమండీ, ఆయ్, కాపోతే ఇంట్లోవాళ్ల పేర్లు బజారుకెక్కితే ఆడవాళ్లు బాధపడతారండి, అంతే, అన్నారు, మెత్తగా, నవ్వుతూ, మీ నాన్నగారు మా చేలోనే కదండీ కోతలు కోసేవారు, మంచి మనిషి, మీరిప్పుడు ఉంటున్న ఇల్లు కూడా మా తోట గట్టునే కదా, అన్నారు, తప్పు మాట ఒక్కటి లేదు, ప్రతి మాటకీ అండీ ఉంది, బొండాం చివరిదాకా తాగి, ఖాళీ కాయ అరుగు కింద పెట్టి, వస్తానండి అని లేచాడు, అయినా రాశాడు కదా, బావమరిది మాట కూడా రాశాడు, దాచలేదు, భయపడ్డవాడు రాస్తాడా, రాశాడు, అయిదో పేరాలో.

మాస్టారండీ, వచ్చిందాండీ, అన్న మాటకి ఉలిక్కిపడి తిరిగాడు, సూరయ్య, ఉతికిన లాల్చీ తొడుక్కున్నాడు, తల దువ్వుకున్నాడు, వెనక సూరమ్మ, చెవుల చుట్టూ గుడ్డ కట్టుకుని, జ్వరం మొహంతో, కాయితం పట్టుకుని ఇటునించిటే షావుకారు గారి దగ్గరికెళ్తానంటున్నాడండి, మళ్లీ పన్లోకి రమ్మంటారేమోనని, మా ఆయన పిచ్చి, అంది సూరమ్మ, రాత్రి నుంచి పెళ్లికొడుకులా ఒకటే హడావుడండి, అని నవ్వబోయి దగ్గింది, రాలేదు సూరయ్యా, ఇంకా రాలేదు, అంటుండగానే వచ్చేసింది, మలుపు దగ్గర హారను, దుమ్ము, టాపు మీంచి కట్ట దబ్బున కింద పడింది, అబ్బులు తాడు కోస్తున్నాడు, ఆ కత్తి తాడు మీద గరగరలాడుతుంటే మాస్టారు కళ్లు మూసుకున్నాడు, ప్రభువా అనుకున్నాడు, ఆ తర్వాత ఏం అడగాలో తోచలేదు, ఉంచమని అడగాలి కదా, ఉంచు అన్న మాట నాలుక దాకా రాలేదు.

మూడో పేజీ, కింద ఎడమ పక్క, గోదాములో చోరీ, కాపలాదారు అరెస్టు, ఒకటి, రెండు, మూడు, నాలుగు, కలవరం చెందుతున్నారు, ఫుల్‌స్టాప్, దాని కింద గీత, గీత కింద పళ్లపొడి ప్రకటన, ముప్ఫై రెండు పళ్లూ చూపిస్తూ ఒక మొహం, ఛాతీలోంచి పొడుగాటి ఊపిరి ఒకటి బయటికి వెళ్లిపోయింది, అరచేతులు ఆరిపోయాయి, పేజీ పట్టుకున్న వేళ్లు ఇప్పుడు ఏమాత్రం వణకడం లేదు, దిగ్భ్రాంతి అంటే ఇదే కాబోలు, మనిషి ఇలాగే రాయైపోతాడు కాబోలు, అనుకున్నాడు.

చదవండి మాస్టారూ, గట్టిగా చదవండి, నలుగురూ వింటారు, అన్నాడు సూరయ్య, టీ కొట్టు దగ్గర వాళ్లు గ్లాసులతో దగ్గరికొచ్చారు, చదివాడు, మొదటి పేరా, అరెస్టు అన్న మాట దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు, సూరయ్య తల వంచుకుని, అది సరేలెండి, తర్వాత ఉంది కదండీ, అన్నాడు, రెండో పేరా, మూడో పేరా, నాలుగో పేరా, కలవరం చెందుతున్నారు, ఆగాడు, సూరమ్మ చెవి మీది గుడ్డ తీసి వింటోంది, అప్పుడు మాస్టారు పళ్లపొడి మొహం మీద చూపు నిలిపి, అయితే ఆ రాత్రి సూరయ్య కాపలాలో లేడని, అని మొదలుపెట్టాడు, ఒక్క మాట తడబడలేదు, ఆసుపత్రి, చీటీ, తాళం, తాళంచెవి, బడిలో పద్యం అప్పగించినట్టు అప్పగించాడు, బావమరిది అన్న మాట మాత్రం కాస్త గొంతు తగ్గించి, చివరి వాక్యం అయ్యేసరికి సూరయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు, ఏడుస్తున్నాడు, చూసేవటే, చూసేవటే, అంటున్నాడు భార్యతో, ఎవరో అతని భుజం తట్టారు, ఇప్పించండి మాస్టారూ ఆ కాయితం, షావుకారు గారికి చూపించాలి, అని సూరయ్య పేజీ అంచు పట్టుకున్నాడు, మాస్టారు వదల్లేదు, పక్కనే ఇంకో కాపీ విప్పి చూస్తున్న అబ్బులు నవ్వడం మానేశాడు, ఆఖరి ముక్క నా పేపర్లో లేదండీ మాస్టారూ, అన్నాడు నెమ్మదిగా.

లేదంటే ఏంటండీ, అన్నాడు సూరయ్య, మాస్టారి మొహంలోకే చూస్తూ, మంగళవారం హన్నా చూసినట్టే చూస్తూ, వాళ్లు కోసేసేరు సూరయ్యా, చోటు చాలదు, కింద నుంచి కోసేస్తారు, నేను రాశాను, అని చెప్పాలి, నోరు తెరిచాడు కూడా, రాశాను, నిజంగా రాశాను, ఎక్కడ రాశావు, అని లోపల ఎవరో అడిగారు, ఏడేళ్లుగా కింద నుంచి కోస్తారని తెలిసినవాడివి, ఎక్కడ రాశావు, బలం కోసమా, రాజోలు వాడికి ఒళ్లు జలదరించడానికా, ఇందాక ఆ పళ్లు కనిపించగానే నీలోంచి వెళ్లిన ఊపిరి ఏమిటి, చేతులు ఎందుకు ఆరిపోయాయి, సూరయ్య ఇంకా కాగితం అంచు పట్టుకునే ఉన్నాడు, కాయల చప్పుడు ఆగిపోయింది, మాస్టారికి అంతా నెమ్మదిగా, స్పష్టంగా, తప్పించుకునే దారి లేకుండా తెలిసింది, తెల్లవార్లూ మంచం మీద దొర్లింది, ఇందాకటి నుంచి ఈ రోడ్డు మీద వణికింది, ఆ పేరా పోతుందేమోనని కానే కాదు, ఏ చేతి పొరపాటు వల్లో అది మిగిలిపోతుందేమోనని.