దుంగ తియ్యని పండగ

ప్రభాకర్ కారు మా దుంగ ముందు ఆగేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. అబద్ధమెందుకు, అలాంటి రోజు కోసమే బతికాను.

పినపాక అవతల అడవిలో మా గూడెం. భూమి పండగకు మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లం రోడ్డుకు అడ్డంగా దుంగ వేసి రేల పాటలతో ఆడతాం. బండివాళ్లు తోచింది చేతిలో పెడతారు. పుచ్చుకుంటే దుంగ తియ్యాలి. పుచ్చుకోకుండా తీసే ఆచారం లేదు.

ఈ ప్రభాకర్ కాంట్రాక్టరు. 2005లో మా ఇప్పచెట్లు పెకలించడానికి పొక్లెయిన్ తెచ్చాడు. మా ఆయన బొజ్జయ్య చేతులు కట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. "పోనియ్" అన్నాడు వీడు. డ్రైవరు పోనిచ్చాడు. ప్రమాదమని కేసు కొట్టేశారు. గూడెం గొడ్డళ్లు తీస్తే, మా అడవి సంఘం పెద్ద సాంబమూర్తి సారు అడ్డంపడి, ఎవరిమీదా చెయ్యెత్తనని నాచేత ఒట్టు వేయించాడు. పళ్లు కొరుక్కుంటూ ఆ ఒట్టుమీదే ధర్నాలు చేశాను. చెట్టు కొట్టనివ్వనని చెప్పి సర్పంచిగా గెలిచాను. పేపరువాళ్లు నన్ను శాంతమూర్తి అని రాశారు. శాంతమట, నా మొహం!

ఇప్పుడు వీడు పోతున్నది మా గుట్టమీది అడవి కొట్టే టెండరుకు. వేసేవాడు వీడొక్కడే. మధ్యాహ్నానికి టెండర్ల పెట్టె మూసేస్తారు. ఈ రోడ్డు తప్ప వేరే దారి లేదు.

అద్దం దించి నోటు చాపాడు. "పండగ మామూలు తీస్కో భీమక్కా. జల్దీ పోవాలె."

"ఆడనియ్ సారూ. ఏంది గంత తొందర?"

ఒకరి నడుం ఒకరం పట్టుకుని ఆడే ఆట మాది. చెయ్యెక్కడ ఖాళీ? నోట్ల కట్టే తీశాడు. ఎవరూ దానివంక చూడనేలేదు. దిగి దుంగ లాగబోయాడు, అది కదిలితేగా! చివరికి "నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. మొక్కరా, ఇంకా మొక్కు అనుకున్నాను.

ఎవరో సాంబమూర్తి సారును బండిమీద తెచ్చారు.

"ఇది శాంతి కాదమ్మా, పగ" అన్నాడాయన.

"అవ్ సార్, పగే. చెయ్యెత్తిన్నా చెప్పు?"

ఆయన గుట్ట వంక చూశాడు. "మోకాళ్లు గుంజుతున్నయ్, జర కూసుంట" అని దుంగమీద చతికిలబడ్డాడు. ప్రభాకర్ మొహం చూడాలి!

ఎండ నెత్తిమీదికొచ్చాక వాడి ఫోను మోగింది. పెట్టె మూసేశారట. రోడ్డుమీదే కూలబడ్డాడు.

అప్పుడు చెయ్యి చాపాను. "ఇగ తే సారూ, పండగ మామూలు."

నోటు పెట్టాడు. దుంగ తీశాం. కారు వచ్చిన దారినే తిరిగిపోయింది.

"పగ తీరిందా అమ్మా?" అన్నాడు సారు.

"యాడ తీరింది సార్! వానికి టెండర్ పోయింది. నాకు మొగడు పోయిండు."