వెనకవాళ్ళకు విస్తరాకు

అమర్‌నాథ్ కాలు బెణికింది కొండ మీద కాదు, కుప్పంలో సొంతింటి మేడమెట్ల మీద. ఆ రోజు ఎన్ని అడుగులు నడిచాడో చేతి వాచీలో చూసుకుంటూ దిగుతున్నవాడు, ఆఖరి రెండు మెట్లూ చూసుకోలేదు. డాక్టరు కట్టు కట్టి, నెలన్నర దాకా పరుగు మాట ఎత్తవద్దన్నాడు.

ఏడాదిగా ఆ ఇంట్లో పరుగు మాట ఎత్తని పూట లేదు. పుంగనూరు పొలిమేరలో మొదలై, రామసముద్రం వైపు గుట్టలన్నీ ఎక్కి దిగి, మదనపల్లె దగ్గర ముగిసే యాభై కిలోమీటర్ల కొండ పరుగు అది. తారురోడ్డు ఏ కొంచెమో తగులుతుంది. మిగిలిందంతా బండలు, జారే మొరం, కంపచెట్లు. బ్యాంకులో పనిచేసే అమర్‌నాథ్ దానికోసం పరుగెత్తింది తక్కువ, పరుగు గురించి చదివింది ఎక్కువ. రెండు జతల బూట్లు, వీపుకు అతుక్కునే నీళ్ళ సంచి, పరుగులో సత్తువకని పొట్లాల్లో వచ్చే తియ్యటి జిగురు, ఉప్పు బిళ్ళలు తెప్పించాడు. వాటికోసం భారతి బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఇచ్చింది.

కట్టు కాలు దిండు మీద పెట్టుకుని అతను పరుగు జరిపేవాళ్ళకు ఫోన్ చేశాడు. తన బదులు ఇంట్లోవాళ్ళెవరైనా రావచ్చన్నారట. ఆ మాట అతను నవ్వుతూ చెప్పాడు. బీన్స్ తరుగుతున్న భారతి తలెత్తకుండానే, అయితే తను పోతానంది.

అత్త శారదమ్మ టీవీ గొంతు తగ్గించి కోడలి వైపు చూసింది. అమర్‌నాథ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"పోయిరా. నీళ్ళిచ్చే చోటల్లా జీపు ఉంటాది. చాలనుకున్న కాడ ఎక్కేసి వచ్చేయి."

అతను చెడ్డ మనసుతో అన్న మాట కాదు. కానీ 'ఎక్కేసి వచ్చేయి' అన్నది భారతికి అన్నంలో రాయిలా తగిలింది. బీఎస్సీ తర్వాత ఆమె బీఎడ్‌లో చేరింది. కొడుకు పుట్టాడు, సగంలో ఆగింది. కంప్యూటరు నేర్చుకుందామని పోతే అత్తకు కంటి ఆపరేషన్ వచ్చింది. మగ్గం పని నేర్చుకుంటూ ఉండగా భర్తకు వి.కోట బదిలీ అయింది. జాకెట్టు ముక్క మీద సగం కుట్టిన నెమలి ఇప్పటికీ పెట్టె అడుగున ఉంది, తోక లేకుండా. ఎవరి తప్పూ లేదు. ఇంట్లో అందరి పనులూ ఆమె చేతి మీద పూర్తవుతాయి, ఆమెవి మాత్రం సగంలో ఆగుతాయి. ఈసారి జీపు ఎక్కకూడదు. ఆఖరిదానిగా వచ్చినా సరే, తన కాళ్ళతో పరుగు ముగిసే గేటు దాటాలి.

చేతిలో ఉన్నది మూడు వారాలు. తెల్లవారుజామున ఇడ్లీ రేకులు కడిగిపెట్టి, గుడుపల్లె రోడ్డు మీద వెళ్ళగలిగినంత దూరం వెళ్ళి వచ్చేది. మొదటి రోజు పాల బయ్యమ్మ ఎదురొచ్చి, క్యాను దించి, భారతి వెనక రోడ్డంతా పరికించింది.

"యాల పరిగెత్తతాండావు మా? ఎవురన్నా తరుముతాండారా?"

ఎవరూ తరమడం లేదని భారతి చెప్పినా బయ్యమ్మకు నమ్మకం కలగలేదు. మరో నాలుగు రోజులు రోడ్డు వైపు అనుమానంగా చూస్తూనే పాలు పోసింది.

ఈలోగా అమర్‌నాథ్ తన వంతు సాయం చేశాడు. దారి పటాన్ని బంధువులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రామసముద్రం దగ్గర ఆ దారి వెళ్ళేది సరిగ్గా భారతి పుట్టిన పల్లె పక్కనుంచే. అది గొర్రెలు మేపుకునే ఊరు. బడి లేని రోజుల్లో ఆమె మంద వెంట ఆ గుట్టలే ఎక్కేది. తల్లి పోయాక ఆమెను పెంచిన పిన్నమ్మ మునిరత్నమ్మ అక్కడే ఉంటుంది. సాయంత్రానికల్లా ఫోన్ వచ్చింది.

"మన ఊరి మీదనే పోతాండావంట. మూడేండ్లాయె వచ్చి. గడప తొక్కకుండా పోతావా?"

భారతి ఓపిగ్గా వివరించింది. ఇది చుట్టపుచూపు కాదు, ఆగడానికి కుదరదు. సాయంత్రం ఆరుకు గేటు మూసేస్తారు. అదొక్కటే కాదు, అందరికంటే వెనక ఇద్దరు మనుషులు నడుస్తూ వస్తారు. దారి గుర్తులకు కట్టిన రిబ్బన్లు విప్పుకుంటూ, పడిపోయినవాళ్ళను చూసుకుంటూ వస్తారు. వాళ్ళు ఎవరినైనా దాటిపోయారంటే ఆ మనిషి పరుగు అక్కడితో సరి, జీపు ఎక్కాల్సిందే. అంతా విని మునిరత్నమ్మ, అట్లే కానీలే, నిలబెట్టి గుక్కెడు నీళ్ళే ఇస్తాలే అంది. అంత సులభంగా ఒప్పుకుందంటే అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

పరుగు రోజు చీకటితోనే పుంగనూరులో మొదలుపెట్టారు. తలకు దీపాలు కట్టుకున్న రెండు వందల మంది మిణుగురుల్లా గుట్ట వైపు కదిలారు. భారతి భర్త బూట్లు కాకుండా తనవి కొనుక్కుంది. అతని నీళ్ళ సంచి మాత్రం పట్టీలు బిగించి తగిలించుకుంది. మొదటి గుట్ట ఎక్కేసరికి ఊపిరి గొంతులో ఇరుక్కుంది. రెండో గుట్ట ఎక్కేసరికి చుట్టూ ఎవరూ లేరు, అందరూ ముందుకు పోయారు. బండలు ఎండకు కాలడం మొదలయ్యాక, అమర్‌నాథ్ గంటకొకటి తప్పక తినమన్న తియ్యటి జిగురు పొట్లం నోట్లో పిండుకుంది. వాసనకే కడుపులో తిప్పింది. రెండోది తిన్న కాసేపటికి సీతాఫలం చెట్టు మొదట్లో అంతా కక్కేసింది. ఇంట్లో ఒక్కసారి కూడా రుచి చూడకుండా తెచ్చుకున్నందుకు తనను తనే తిట్టుకుంది. కొత్త బియ్యం ఒక పిడికెడు వండి చూడకుండా ఆమె ఎన్నడూ మూట కొనలేదు.

దిగుడు మాత్రం ఆమెకు కలిసి వచ్చింది. గుండ్ల మధ్య ఎదురుగా దూకకుండా, గొర్రె దిగినట్టు పక్కవాటుగా దిగడం కాళ్ళకు ఇంకా గుర్తుంది. అలా దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. పై గుట్ట మీద ఆకుపచ్చ చొక్కాలవాళ్ళు ఇద్దరు, చేతిలో రిబ్బన్ల చుట్టతో, ఏ తొందరా లేకుండా నడిచి వస్తున్నారు. వెనకవాళ్ళు. ఇంత త్వరగా కనబడతారని ఆమె అనుకోలేదు.

తన పల్లె చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఊరి బయట, రాగులు ఆరబోసే పెద్ద బండ మీద షామియానా వేసి ఉంది. పొయ్యి మీద అండా, పక్కన విస్తరాకుల కట్ట, మధ్యలో ముగ్గేసి ఒక పీట. అయిదుగురు ఆడవాళ్ళు పట్టుచీరల్లో నిలబడి ఉన్నారు. గుక్కెడు నీళ్ళ సంగతి భారతికి అప్పుడు అర్థమైంది.

చేతులు జోడించి బతిమాలింది. వెనక మనుషులు వస్తున్నారని, దాటితే అంతా అయిపోతుందని చెప్పింది. మునిరత్నమ్మ వింటూనే ఆమె వీపు మీది సంచి పట్టీ విప్పింది.

"మూడేండ్లకు ఊర్లో కాలు పెట్టిన ఆడబిడ్డను ఒట్టి ఒడితో పంపిస్తే రేపు నేను ఈ ఊర్లో తలెత్తుకు తిరగొద్దా? కూసో. ఎంతసేపు పడతాది."

కూర్చుంది. కూర్చోకుండా పోగల ఆడబిడ్డ ఆ పల్లెలో ఇంకా పుట్టలేదు. బూట్లు, మేజోళ్ళు లాగేసి పాదాలకు పసుపు పూశారు. బొబ్బలెక్కిన అరికాళ్ళకు ఆ చల్లదనం ఎంత హాయిగా ఉందంటే భారతి కళ్ళు మూతలు పడ్డాయి. టీషర్టుకు కొంగు లేదు కాబట్టి, ఒకామె కొత్త చీర మడత విప్పి భుజం మీదుగా వేసి కొంగు చేసింది. అందులో ఒక్కొక్కరే దోసిళ్ళతో బియ్యం పోయసాగారు. కొబ్బరికాయ, బెల్లం అచ్చు, ఎండు ఖర్జూరాలు, వక్కాకు, రవికె గుడ్డ. మూడో ఆమె పోస్తూండగా కంపచెట్ల పక్కనుంచి ఆకుపచ్చ చొక్కాలు కనబడ్డాయి.

భారతి లేవబోయి ఆగింది. ఒడి పట్టుకుని ఉన్నప్పుడు లేవకూడదు. ఇంకా ఇద్దరు పోయాలి. వాళ్ళు ఇటు రాకుండా నేరుగా నాలుగు అంగలు వేస్తే చాలు, మూడు వారాల కష్టం, తోకలేని నెమలి పక్కకు చేరుతుంది.

మునిరత్నమ్మ కూడా వాళ్ళను చూసింది. ఒకే రంగు చొక్కాలు, నిదానమైన నడక, కళ్ళేమో భారతి మీద. ఆమెకు ఇంక ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. పెండ్లయిన ఆడపిల్ల పుట్టింటికి ఒంటరిగా రాదు, అత్తగారివైపు నుంచి ఎవరో ఒకరు తోడు వస్తారు. ఇంతసేపటి నుంచి తోడు ఎవరూ కనబడలేదేమని ఆమె మనసులో నొచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు మొహం విప్పారింది. చెంబుతో నీళ్ళు తీసుకుని ఎదురు వెళ్ళింది.

"రండప్పా రండి. కాళ్ళు కడుక్కోండి. ఎండన పడి వచ్చినారు."

వాళ్ళిద్దరూ మదనపల్లెలో పనిచేసే కుర్ర ఉద్యోగులు, మునిశేఖర్, లక్ష్మీపతి. చీకటితో బయలుదేరినవాళ్ళు, అప్పటికి రెండు అరటిపండ్లు తప్ప ఏమీ తినలేదు. తాము ఆగకూడదని మునిశేఖర్ చెప్పబోయాడు. అప్పటికే కాళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. లక్ష్మీపతి ముక్కు అండా వైపు తిరిగింది. రాగి సంగటి, నాటుకోడి పులుసు.

భారతి నోరు తెరిచింది. పిన్నమ్మా, వాళ్ళు మా వాళ్ళు కాదు అని చెప్పాలి. ఉన్నదున్నట్టు చెప్పడమే ఆమెకు అలవాటు. కానీ ఆ క్షణాన అయిదో ఆమె బియ్యం పోయడం ముగించి ఒడి కొస ముడివేస్తోంది. అటు విస్తళ్ళు పరిచి, సంగటి ముద్దలు పెడుతున్నారు. ముద్ద పెట్టాక విస్తరి ముందు నుంచి లేస్తే ఇంటిని అవమానించినట్టే. ఆ సంగతి కుర్రవాళ్ళకూ తెలుసు. భారతి తెరిచిన నోరు మూసుకుంది.

బూట్లు వేసుకుని, పిన్నమ్మ కాళ్ళకు మొక్కి, చీరలో కట్టిన ఒడిబియ్యం మూట నీళ్ళ సంచి కింద నడుముకు బిగించుకుని కదిలింది. తినకుండా పోతావా అని మునిరత్నమ్మ అడగనే అడిగింది. కానీ ఆమె దృష్టంతా వియ్యాలవారి తరఫు మనుషులకు పులుసు చాలదేమోనన్న దాని మీదే ఉంది.

ఆఖరి గుట్ట అన్నిటికంటే నిటారు. దారి కూడా కాదది, ఒకదాని మీద ఒకటి పడేసినట్టున్న గుండ్లు. చేతులు ఆనించి ఎక్కాలి. మూట ప్రతి అడుగుకూ తుంటికి కొట్టుకుంటోంది. కొబ్బరికాయ అయితే పక్కటెముకనే వెతుక్కుంటోంది. దింపేసి పోదామన్న ఆలోచన రాకపోలేదు. ఒడిలో పోసింది కొండ మీద పారబోసిన ఆడదని తలుచుకోగానే ఆ ఆలోచన తనంతట తనే పారిపోయింది.

సగం ఎక్కాక తొడ కండరం రాయిలా బిగుసుకుంది. భారతి బండకు ఆనుకుని కూర్చుండిపోయింది. కింద చిన్నగా మట్టిరోడ్డు, దాని మీద జీపు. డ్రైవరు ఆమెను చూసి, రమ్మంటావా అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంకా సగం ఉంది. సరిగ్గా సగం. ఆమెకు నవ్వొచ్చింది.

వద్దని చెయ్యి ఊపి, ముడి విప్పి, బెల్లం అచ్చు ఒక మూల కొరికింది. పిడికెడు బియ్యం నోట్లో వేసుకుని నమిలింది. మంద వెంట తిరిగిన రోజుల్లో మధ్యాహ్నం అదే తిండి. ఒడిబియ్యం ఇంటికి చేరకముందే తినవచ్చా అన్న సందేహం వచ్చింది గానీ, ఒడిలో పోసింది ఒంట్లోకి పోతే తప్పేమిటని సమాధానపరుచుకుంది. జిగురులాగా కడుపు తిప్పలేదు. రెండు ఖర్జూరాలు కూడా తిని, నీళ్ళు తాగి, తొడ బాగా రుద్దుకుని లేచింది.

మదనపల్లె వైపు దిగేసరికి ఎండ ఎర్రబడింది. గేటు దగ్గర కుర్చీలు మడిచేస్తున్నారు. కట్టు కాలితో కర్ర ఆనించుకుని నిలబడ్డ అమర్‌నాథ్ మాటిమాటికీ జీపులో నుంచి దిగేవాళ్ళనే చూస్తున్నాడు. దారి వైపు చూడలేదు. అందుకే, నుదుట కుంకుమ, చెదిరిన పసుపు, నడుముకు మూటతో కుంటుతూ వస్తున్న మనిషి తన పక్కకు వచ్చి నిలబడేదాకా అతనికి తెలియలేదు. గేటు అప్పటికే దాటింది. ఆరు కొట్టడానికి ఇంకా కాస్త టైముంది.

మెడలో పతకం వేయబోయిన ఆయనను భారతి ఆపింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. వెనకవాళ్ళు తనను దాటాల్సింది, తన పిన్నమ్మ వాళ్ళను భోజనానికి కూర్చోబెట్టింది, అది తను ఆపలేదు. పరుగు లెక్కలోకి రాదంటే ఆ మాట చెప్పండి అంది. వెనకవాళ్ళు వచ్చాక చూద్దామన్నాడు ఆయన.

బాగా పొద్దుపోయాక వాళ్ళు వచ్చారు, నోళ్ళు వక్కాకుతో ఎర్రగా, భుజాల మీద కొత్త తువ్వాళ్ళతో. అల్లుడి తరఫు వాళ్ళని పెట్టిన బట్టలు. లక్ష్మీపతి చేతిలో రిబ్బన్ల చుట్టతో పాటు మూత బిగించిన క్యారియర్ కూడా ఉంది. సంగతి అడిగితే మునిశేఖర్ తడుముకోలేదు.

"మేము ఈయమ్మను దాటినామా సార్? దాటలేదు. రూలేమో దాటితేనే కదా."

పతకం భారతి మెడలో పడింది.

మర్నాడు కుప్పంలో శారదమ్మ తనే పొయ్యి దగ్గర కూర్చుని, మిగిలిన ఒడిబియ్యంతో బెల్లం పొంగలి వండింది. బియ్యం కొలత తగ్గిందేమని అడిగింది. కొండ మీద తిన్నానని కోడలు చెప్పింది. అత్త నెయ్యి ఇంకో గరిటె ఎక్కువ వేసింది. భారతి మంచం మీద కాళ్ళు చాపుకుని, పెట్టె అడుగు నుంచి తీయించిన జాకెట్టు ముక్కలో నెమలి తోకకు ఏ రంగు దారం నప్పుతుందో చూస్తోంది.

అమర్‌నాథ్ పొంగలి గిన్నెతో వచ్చి పక్కన కూర్చున్నాడు. వచ్చే ఏడు తనూ తప్పకుండా పరుగెత్తుతానని, ఈసారి దానికి పద్ధతిగా ముందునుంచే సిద్ధమవుతానని చెప్పాడు. భారతి ఆకుపచ్చ దారం తీసి వెలుతురుకు పట్టి చూసింది.

"పరిగెత్తేది యాలప్పా నీకు. వెనకవాళ్ళల్లో చేరు. మా పిన్నమ్మ కడుపు నిండా పెడతాది."