గైడు కనుబొమలు

కొండల్లోకి పిల్లల్ని నడిపించుకెళ్లే ఆ గైడుకు ఒక నియమం ఉంది. యాత్ర చివరి రోజుల్లో దారి చూపే పని పిల్లల్లో ఒకరికి అప్పగిస్తాడు. తాను అందరికంటే వెనక, నోరు మెదపకుండా నడుస్తాడు. బాగా నడిపించినవాళ్లకే మంచుకొండ యాత్రలో చోటు.

ఈసారి మ్యాపు అతని అక్క కూతురి చేతికొచ్చింది. ఆ పిల్ల చెప్పులు కొనుక్కోవాలన్నా తల్లి ముఖం చూస్తుంది. మాట చివర ‘సరేనా?’ అని అడగనిదే ఊరుకోదు కాబట్టి తోటివాళ్లు ఆమెకు ‘సరేనా’ అని పేరే పెట్టేశారు. కానీ మంచుకొండ మీద ఆమెకు ప్రాణం. మేనకోడలని చోటిచ్చేస్తే నలుగురూ నవ్వుతారని గైడుకు తెలుసు.

ఉదయం ఆమె ఎక్కడా తడబడలేదు. గైడు లోలోపల పొంగిపోయాడు. పొయ్యి మోసుకుంటూ పక్కనే నడుస్తున్న వంటాయన ఆ సంతోషం మీద నీళ్లు చల్లాడు.

“ఆ పిల్ల చూసేది మ్యాపు కాదు గురువుగారూ, మీ కనుబొమలు. తప్పు దారైతే పైకి లేస్తున్నాయి.”

నీ వంట సంగతి నువ్వు చూసుకోమన్నాడు గైడు. తర్వాతి మలుపులో ఆమె వెనక్కి చూస్తూ ఎడమకు అడుగేయబోయింది. తన కనుబొమలు లేవడం అతనికే తెలిసింది. ఆమె వెంటనే కుడికి తిరిగింది.

మధ్యాహ్నం చీలిన బండ దగ్గర దారి మళ్లీ రెండైంది. ఈసారి గైడు లోయ వైపు తిరిగి నిలబడి, సంచి పట్టీ బిగించుకోసాగాడు. “మామయ్యా” అంది ఆమె. అతను తిరగలేదు. ఇంట్లో దేవుడి పటం ముందు నిలబడి ఏ దారిన వెళ్లమంటావని తాను ఎన్నిసార్లు అడిగాడో గుర్తొచ్చింది. జవాబు రాలేదని అలిగిన రోజులూ ఉన్నాయి. అటువైపు ఉన్నవాడికి కూడా ఇంత కష్టంగానే ఉంటుందా?

వెనక అడుగుల చప్పుడు కదిలింది. తిరిగి చూస్తే అందరూ ఎడమకు వెళ్తున్నారు. ఆ దారిలో ప్రమాదమేమీ లేదు కానీ, అది పాత రాతి క్వారీ దగ్గర ఆగిపోతుంది. అతను వెనకే నడిచాడు.

క్వారీ అంచున పిల్లలు సణుగుడు మొదలుపెట్టారు. కాళ్లు పడిపోయాయని ఒకడు కూలబడ్డాడు. ఆమె మ్యాపు బండ మీద పరిచి చాలాసేపు చూసింది. గైడు వైపు మాత్రం చూడలేదు.

“తప్పు నాదే. కొండ మనకు ఎడమ వైపు ఉండాలి, నేను కుడి వైపు పెట్టుకుని నడిపించాను. లేవండి, వెనక్కి వెళ్దాం.”

రాత్రి బస చేసే గుడిసె చేరేసరికి పొద్దు గుంకింది. అన్నం దగ్గర ఆమె అతని ఎదురుగా వచ్చి కూర్చుంది.

“నీకు ముందే తెలుసు కదా?”

“తెలుసు.”

“అంతమందిని ఉత్తినే నడిపించావు.”

మంచుకొండకు ఆమె పేరు ఖాయమన్నాడు గైడు. ఆమె ముఖం వెలగలేదు. కోపం ఇంకా చల్లారలేదు. అతను మ్యాపు కోసం చెయ్యి చాచాడు. ఆమె దాన్ని మడిచి తన సంచిలో పెట్టుకుంది.

“రేపూ నా దగ్గరే ఉంటుంది. నువ్వు వెనకే నడువు మామయ్యా.”

వంటాయన గరిటె పట్టుకునే గైడు కనుబొమల వైపు చూశాడు. గైడు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.